థర్మోకపులా, థర్మల్ కెమెరానా, క్యాలరీమీటరా: సెల్ వేడి కొలవడానికి ఏది మేలు?

చెన్నై అంబత్తూరులో మా షెడ్డు. ఆటోలకి చాలా సెల్స్ కలిపి లిథియం బ్యాటరీ ప్యాకులు కడతాం. ఇక్కడివాళ్లకి కత్తిరి ఎండ పోతోందనగా మా నెల్లూరుకి రోహిణి కార్తె వస్తుంది. అప్పుడు షెడ్డులో మధ్యాహ్నం 40 డిగ్రీలు మామూలే. ఈ సెల్స్‌ని 45 దాటాక ఛార్జ్ చేయొద్దని సాధారణంగా డేటాషీట్లో ఉంటుంది. అంటే మాకు మిగిలేది ఐదు డిగ్రీలు. అందుకే కొలతల గోల.

ముందు మోజుపడి థర్మల్ కెమెరా కొన్నాం. రంగురంగుల బొమ్మ చూస్తే కస్టమర్ కూడా ముచ్చటపడతాడు. ఒకరోజు అల్యూమినియం డబ్బా ఉన్న పెద్ద సెల్ మీద పెడితే 34 చూపించింది. చెయ్యి పెడితే చురుక్కుమంది! మెరిసే లోహం తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, పైగా అద్దంలా ఎదురుగా ఉన్నవాటి వేడిని చూపిస్తుంది. సగం నా మొహాన్నే కొలిచానన్నమాట. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు ముక్క అంటించి మళ్లీ చూస్తే లెక్క దారిలోకి వచ్చింది. వదులుగా ఉన్న వెల్డు ఎక్కడ కాలుతోందో పట్టుకోవడానికి కెమెరాని మించింది లేదు. అంతవరకే.

థర్మోకపుల్ అంటే కొసని తాకించి వేడి కొలిచే సన్నటి వైరు. చవక. రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. కానీ అంటించడంలోనే ఉంది పనితనం. మామూలు గుండ్రటి సెల్‌కి పైన ఉన్న లోహపు డబ్బాయే నెగటివ్. సిరీస్‌లో ఉన్న రెండు సెల్స్‌కి రెండు వైర్ల కొసలు నేరుగా తగిలిస్తే రీడింగులు నమోదు చేసే లాగర్ పిచ్చి అంకెలు చూపిస్తుంది, ఒక్కోసారి పోతుంది కూడా. కింద ఒక పొర క్యాప్టన్ టేపు (వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) వేసి, దానిమీద కొస పెట్టి, పైన ఇంకో పొర వేయాలి. ఫ్యాను గాలి తగిలితే రీడింగ్ తగ్గుతుంది. ఇంత చేసినా అది చెప్పేది సెల్ పైచర్మం సంగతే. లోపలి పొరలు అడ్డంగా వేడిని సరిగా పారనివ్వవు కాబట్టి, ఎక్కువ కరెంటు లాగితే సెల్ నడుమ ఇంకా వేడిగా ఉంటుంది.

ఇవి రెండూ చెప్పేది ఉష్ణోగ్రత. మనకి కావాల్సింది వాట్లు, అంటే సెకనుకి ఎంత వేడి పుడుతోందనేది. అవి సూటిగా ఇచ్చేది, సెల్ నుంచి వచ్చే మొత్తం వేడిని పట్టి కొలిచే క్యాలరీమీటరే. ఛార్జింగ్‌లో కొన్ని దశల్లో సెల్ కొద్దిగా చల్లబడే విచిత్రం కూడా అందులో తెలుస్తుంది. ధర మాత్రం మాలాంటివాళ్లకి అందదు. కొత్త రకం సెల్ తెచ్చినప్పుడు ల్యాబులో ఒకసారి అద్దెకి చేయించుకుంటే చాలు.

రోజువారీకి నా ఓటు థర్మోకపుల్‌కే, అదీ థర్మోకోల్ పెట్టెతో కలిపి. 21700 సెల్ (21 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. పొడవు ఉండే గుండ్రటి రకం) బరువు సుమారు 70 గ్రాములు. దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి దాదాపు 70 జౌళ్లు కావాలి. పెట్టెలో దట్టంగా కప్పి 5 ఆంపియర్లతో 10 నిమిషాలు ఖాళీ చేశాం, 6.4 డిగ్రీలు పెరిగింది. 70ని 6.4తో గుణించి 600 సెకన్లతో భాగిస్తే ముప్పావు వాటు. రెసిస్టెన్స్ 30 మిల్లీ ఓములనుకుని కరెంటు వర్గంతో గుణించినా అంతే వస్తుంది. థర్మోకోల్ కొంత వేడిని దొంగిలిస్తుంది, ఐదో పదో శాతం తేడా ఉంటుంది, పర్లేదు. 60 డిగ్రీలకి కరెంటు ఆగిపోయే కటాఫ్ లేకుండా మాత్రం ఈ పని చేయకండి.

ముప్పావు వాటేగా అనిపిస్తుంది. 200 సెల్స్‌కి 150 వాట్లు, అంటే పాత 60 వాట్ల బల్బులు రెండున్నర ఒక మూసిన పెట్టెలో వెలుగుతున్నట్టు. కరెంటు రెట్టింపైతే నాలుగింతలు.

ఈ అంకె వచ్చాకే ప్యాకుని చల్లబరచడానికి ఫ్యానా, నీళ్లా అనే వాదన తేలింది. వానాకాలం చెన్నై రోడ్ల నీళ్లు చూసినవాళ్లెవరూ ప్యాకుకి గాలి కంతలు పెట్టరు. పైగా 40 డిగ్రీల గాలి ఎంత విసిరినా సెల్ 40 కిందకి రాదు. నీళ్ల గొట్టాలంటే బరువు, లీకుల టెన్షన్. మా నెమ్మది ఛార్జింగ్‌కి సెల్స్ నుంచి అల్యూమినియం డబ్బాకి వేడిని దాటించే మెత్తటి ప్యాడ్లు సరిపోయాయి. ఫాస్ట్ ఛార్జింగ్ అడిగే కస్టమర్‌కి మాత్రం ముందే చెప్పేస్తున్నాం, నీళ్లు లేకుండా మావల్ల కాదని.