‘ఆసియన్’ అన్న ఒక్క గడిలో మనమందరం: టెక్సాస్ బడి నివేదికతో ఎనిమిదేళ్లు

డల్లస్ ఉత్తర శివారులో కాపురం పెట్టి ఎనిమిదేళ్లయింది. మా ప్రాథమిక పాఠశాల గురించి రాష్ట్రం ఏటా వెలువరించే ‘టీఏపీఆర్’ (టెక్సాస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్) నివేదికను అప్పటి నుంచి వదలకుండా చదువుతున్నాను. ఇల్లు వెతుక్కునే తెలుగువారు ముందు బడి రేటింగు చూస్తారు. నేను మాత్రం తరగతులవారీగా పిల్లల సంఖ్య ఇచ్చిన పట్టికను ముందు తెరుస్తాను.

పక్కనున్న ఫ్రిస్కో జనాభా 2000లో 33,714. 2020 నాటికి 2,00,509. ఇంత వేగంగా పెరిగిన శివార్లలో మొదట వచ్చిన కుటుంబాలు అక్కడే స్థిరపడతాయి, వారి పిల్లలు హైస్కూలుకు వెళ్లిపోతారు, ఆలోగా ఇళ్ల ధరలు పెరగడంతో పసిపిల్లలున్నవారు ఇంకా ఉత్తరాన ప్రాస్పర్, సెలీనా వైపు చూస్తారు. మా పెద్దమ్మాయి చేరినప్పుడు కిండర్‌గార్టెన్‌కు ఐదు గదులుండేవి, చిన్నవాడి వంతు వచ్చేసరికి మూడే మిగిలాయి. ఐదో తరగతి కంటే కింది తరగతులు పలచబడుతున్న సంగతి అంతకు రెండేళ్ల ముందే పట్టికలో కనిపించింది. టెక్సాస్‌లో బడికి వచ్చే నిధులు సగటు రోజువారీ హాజరుతో ముడిపడి ఉంటాయి కనుక ఇది తల్లిదండ్రులు తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు.

విద్యార్థుల నేపథ్యాన్ని తెలిపే భాగం నాకు సగమే ఉపయోగపడింది. తెలుగు, తమిళ, చైనీస్, కొరియన్ పిల్లలందరూ ‘ఆసియన్’ అన్న ఒక్క గడిలోనే ఉంటారు. మా వాడి తరగతిలో ముగ్గురు తెలుగు పిల్లలున్నారా, పదముగ్గురున్నారా అన్నది బస్సు స్టాపు దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. ఇంటి భాష సంగతి మరొకటి. చేరిక పత్రంలో ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది తెలుగని రాస్తే పిల్లవాడికి ఇంగ్లిషు పరీక్ష పెడతారు. “ఇంగ్లిషని రాసేయండి, గొడవుండదు” అని ఇద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. నేను తెలుగనే రాశాను, మావాడు పరీక్ష ఇచ్చి వచ్చాడు, గొడవేమీ జరగలేదు. అందరూ ఆ సలహానే పాటిస్తే ఆ పత్రాల లెక్కలో తెలుగు కనబడేదెలా?

నాకు బాగా పనికొచ్చినది ‘మొబిలిటీ’ శాతం. ఏడాదిలో ఆరు వారాలు లేదా అంతకు మించి ఆ బడిలో లేని పిల్లలను అందులో లెక్కిస్తారు. అపార్టుమెంట్లు ఎక్కువున్న చోట, ఉద్యోగం మారగానే కుటుంబాలు కదిలిపోయే చోట, తరగతి ఎంత నిలకడగా ఉంటుందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

అయితే ఇవన్నీ గడిచిన ఏడాది అంకెలే. మేము నివేదిక చూసి ఇల్లు తీసుకున్న రెండో ఏటనే స్కూలు డిస్ట్రిక్టువారు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపేవారు) ఏ వీధి ఏ బడికన్న హద్దులు మార్చారు; మా వీధికి ఎడమవైపు ఇళ్లు ఒక బడికి, కుడివైపు ఇళ్లు మరో బడికి వెళ్లాయి. మాది కుడివైపు. ఆ మార్పు పట్టికలోకి ఎక్కేసరికి మా అమ్మాయి కొత్త బడిలో ఏడాది పూర్తి చేసింది.