ఏసీ గేజ్ సెట్: ఆరు వేసవులు వాడాక

కారు ఏసీ సరిగ్గా చల్లబరచకపోతే మొదట వినబడే మాట, "గ్యాస్ అయిపోయింది సార్". గ్యాస్ ఏమన్నా పెట్రోలా, నడిచేకొద్దీ అయిపోవడానికి? గొట్టాలు, జాయింట్లు బాగుంటే ఏళ్లు గడిచినా తగ్గేది చాలా కొద్ది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్న మాట. తగ్గలేదంటే జబ్బు వేరే చోట ఉంది. ఈ రెంటినీ విడదీయడానికి కొన్నది ఏసీ లోపలి పీడనం కొలిచే ఈ సెట్: ఇత్తడి బాడీ, రెండు గేజ్‌లు, లో సైడ్‌కు నీలం, హై సైడ్‌కు ఎరుపు, డబ్బాకో పంపుకో పసుపు గొట్టాలు, కారు ఏసీ గ్యాస్ ఆర్‌134ఏ పోర్టులకు పట్టే కప్లర్లు. ఖరీదైన డిజిటల్ రకం కాదు, ముళ్లు తిరిగే మామూలుది.

తగిలించడం తేలికే. లావుగా, ఏసీ నడిచేటప్పుడు చల్లగా ఉండే పైపు మీద లో సైడ్ (తక్కువ పీడనం) పోర్టు, సన్నగా, కాలిపోతూ ఉండే పైపు మీద హై సైడ్ (ఎక్కువ పీడనం) పోర్టు ఉంటాయి. ఒకటి 13 మిల్లీమీటర్లు, ఇంకొకటి 16. కాబట్టి నీలం కప్లర్ ఎరుపు చోట కూర్చోదు. కొత్త కార్లలో వస్తున్న ఆర్‌1234వైఎఫ్ పోర్టులకు ఈ కప్లర్లు అసలు పట్టవు. ముందు బానెట్ లోపలి స్టిక్కర్ చదవండి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో అక్కడే ఉంటుంది. చిన్న కార్లలో ఎక్కువగా 350 నుంచి 500 గ్రాముల మధ్య.

ఈ సెట్ నాకు బాగా పనికొచ్చింది ఇంజన్ ఆపి ఉన్నప్పుడు. చాలామంది చూడని రీడింగు అదే. కారు రాత్రంతా నీడలో నిలిచి, ఇంజన్ పూర్తిగా చల్లారాక గేజ్‌లు తగిలిస్తే రెండు ముళ్లూ ఒకే అంకె చూపాలి. లోపల స్వచ్ఛమైన ఆర్‌134ఏ ఉండి, అందులో కొంతైనా ద్రవంగా ఉంటే ఆ అంకెను నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. 25 డిగ్రీల దగ్గర సుమారు 82 పీఎస్ఐ (పీడనం కొలత), 30 దగ్గర 97, 35 దగ్గర 114, 40 దగ్గర 133. దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి. అంకె బాగా తక్కువుంటే లోపల ద్రవమే మిగల్లేదు, అంటే గ్యాస్ దాదాపు పోయింది. ఎక్కువుంటే గాలి కలిసింది, లేదా వేరే గ్యాస్ పట్టించారు. సరిపోయిందంటే మాత్రం గ్యాస్ నిండుగా ఉందని కాదు. 150 గ్రాములున్నా 450 గ్రాములున్నా ముల్లు అదే చోట నిలబడుతుంది. "ప్రెషర్ ఉంది కాబట్టి గ్యాస్ ఫుల్" అనేవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే.

ఇదే పరీక్ష గ్యాస్ డబ్బాకూ పనికొస్తుంది. బజార్లో దొరికే 450 గ్రాముల డబ్బాను కాసేపు నీడలో ఉంచి, దాని ఉష్ణోగ్రత చూసి, పసుపు గొట్టానికి తగిలించండి. 30 డిగ్రీల దగ్గర 97కు అటూ ఇటూ ఉండాలి. పాత ఇంటి ఏసీల గ్యాస్ ఆర్‌22 అయితే 158 దాకా, ప్రొపేన్ అయితే 140 పైన చూపిస్తుంది. తెలివిగా కలిపిన మిశ్రమం ఈ వలకు చిక్కకపోవచ్చు గానీ మొరటు కల్తీ మాత్రం దొరికిపోతుంది.

ఇక నడుస్తున్నప్పుడు. తలుపులు తీసి, ఏసీ పూర్తిగా పెట్టి, బ్లోయర్ చివరి స్పీడులో, లోపలి గాలే తిరిగే మోడ్‌లో, ఇంజన్ 1500 ఆర్‌పీఎం దగ్గర అయిదు నిమిషాలు ఉంచాలి. మధ్య వెంట్‌లో థర్మామీటర్ గుచ్చండి, అది లేకుండా గేజ్ చూడడం సగం పనే. బయట 35 డిగ్రీలుంటే లో సైడ్ 25 నుంచి 45, హై సైడ్ 200 నుంచి 250 పీఎస్ఐ మధ్య మామూలు. మే నెలలో విజయవాడ ఎండకు హై సైడ్ 300 దగ్గరికి పోయినా కంగారు పడొద్దు.

రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువ, అది అందరికీ తెలిసిందే. లో ఎక్కువై, హై తక్కువై, రెండూ ఒకదానికొకటి దగ్గరపడితే, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ తోడడం లేదు. తోడే మోతాదు మార్చుకునే వేరియబుల్ రకమైతే కంప్రెసర్ మొత్తం మార్చే ముందు దాని కంట్రోల్ వాల్వ్ చూడాలి. రెండూ ఎక్కువుండడం మన రోడ్ల మీద తరచూ కనిపించే కేసు. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కే బండి ఇదే. ముందు కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే రెక్కల జాలీ) ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. తర్వాత కండెన్సర్ రెక్కల మధ్య మట్టి, పురుగులు. ఫ్యాన్ బాగుండి, రెక్కలు శుభ్రంగా ఉండి కూడా ముళ్లు దిగకపోతే మిగిలినవి రెండే: ఎక్కువ నింపడం, గాలి చేరడం. ఇంజన్ ఆపి, చల్లారాక పైన చెప్పిన అంకెలతో పోల్చండి. సరిపోతే ఎక్కువ నింపారు, దాటితే గాలి ఉంది. "ఇంకొంచెం పట్టిస్తే ఇంకా చల్లగా వస్తుంది" అనే ఉదారత చేసే పని ఇది.

కాసేపు బాగా పనిచేసి ఆగిపోయే ఏసీ దగ్గర గేజ్ కంటే వెంట్ ముందు పెట్టిన అరచెయ్యే ఎక్కువ చెబుతుంది. గంట ప్రయాణం తర్వాత గాలి వేగమే తగ్గి, పది నిమిషాలు ఏసీ ఆపితే కారు కింద నీళ్లు కారి మళ్లీ బాగైతే, కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టింది. కాయిల్ చలిని కనిపెట్టే థర్మిస్టర్ పాడై ఉండొచ్చు, క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. గాలి అదే వేగంతో వస్తూ వెచ్చబడితే, ఆ సమయంలో లో సైడ్ ముల్లు సున్నా దాటి వ్యాక్యూమ్‌లోకి జారితే, లోపల తేమ ఉంది. అది గ్యాస్‌ను కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూస్తోంది. ఆపితే కరుగుతుంది, మళ్లీ కడుతుంది. దీనికి తేమ పీల్చే డ్రయర్ మార్చి, పంపుతో లోపలి గాలి లాగి వ్యాక్యూమ్ బాగా పట్టాలి. గ్యాస్ టాపప్ చేస్తే డబ్బు దండగ.

వ్యాక్యూమ్ దగ్గర ఒక పేచీ తరచూ వస్తుంది. పుస్తకం 29 అంగుళాలు (పాదరసం లెక్కన) అంటుంది, హైదరాబాద్‌లో ముల్లు 28 దగ్గర ఆగిపోతుంది, పంపు పాడైందని గొడవ. పంపు తప్పేమీ లేదు. నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పీడనమే సుమారు 28 అంగుళాలు. అదే పంపు విశాఖలో 29 దాటిస్తుంది, బెంగళూరులో 27 దగ్గర ఆగుతుంది. అరగంట లాగి, వాల్వులు మూసి, ఇంకో అరగంట ముల్లు కదలకుండా ఉందా చూడాలి. ఇక్కడే ఈ సెట్ బలహీనత కనిపిస్తుంది. వ్యాక్యూమ్ స్కేలు మరీ ఇరుకు, చిన్న లీకు ఉంటే ముల్లు కదిలిందో లేదో కంటికి ఆనదు. తేమ నిజంగా పోయిందో లేదో ఇది చెప్పలేదు, దానికి అతి తక్కువ పీడనం కొలిచే మైక్రాన్ గేజ్ వేరే కావాలి. సన్నటి లీకులు పట్టడానికి నైట్రోజన్, సబ్బు నీళ్లే నయం.

సెట్ సంగతికొస్తే, రెండో ఏడు నుంచి నీలం ముల్లు సున్నాకు రావడం మానేసింది. కారణం ఇది: ఎండలో నిలిపిన బండి బానెట్ కింద 50 డిగ్రీలుంటే ఆగి ఉన్నప్పుడే పీడనం 175 పీఎస్ఐ దాటుతుంది, లో సైడ్ స్కేలు 120 తర్వాత ఇరుకైపోతుంది. అద్దం తీస్తే చిన్న స్క్రూ ఉంది, తిప్పి సరిచేయొచ్చు. ప్రతిసారీ గొట్టాలు విప్పి ఉన్నప్పుడు సున్నా చూసుకోవడం తప్పదు. కప్లర్ల లోపలి ఓరింగులు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. అవి అరిగితే కారు లీకనుకునేది నిజానికి గేజ్ లీకు. ఇత్తడి బాడీ, వాల్వు పిడులు మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మధ్యలోని సైట్ గ్లాస్ (లోపల గ్యాస్ పోవడం చూసే గాజు కన్ను) అలంకారమే.

ఇది చూపించనివీ చాలా ఉన్నాయి. నాలుగో స్పీడులో మాత్రమే తిరిగే బ్లోయర్‌కు స్పీడు తగ్గించే రెసిస్టర్ చూడాలి. వేడెక్కాక పట్టు వదిలే కంప్రెసర్ క్లచ్‌కు సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో సందు కొలవాలి. రీడింగులు బాగుండి, డ్యాష్‌బోర్డు వెనక్కి పోయే పైపు చల్లగా ఉండి, వెంట్‌లో మాత్రం వెచ్చటి గాలి వస్తే, డ్యాష్‌బోర్డు లోపల గాలిని హీటర్ వైపు మళ్లించే తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. హీటర్ జబ్బులకూ ఇది పనికిరాదు. మన దగ్గర హీటర్ కోసం ఎవరూ గ్యారేజీకి రారు గానీ, చలి దేశాల్లో ఉన్న మనవాళ్లకు: ఇంజన్ వేడి ముల్లు పైకి రాకపోతే ఇంజన్ నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయింది. ముల్లు సరిగ్గానే ఉండి, హీటర్‌కు పోయే రెండు గొట్టాల్లో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే హీటర్ కోర్ (ఇంజన్ వేడి నీళ్లు తిరిగే చిన్న రేడియేటర్) మూసుకుంది.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: డబ్బా తగిలించి, ఇంజన్ నడుస్తుండగా ఎరుపు వాల్వు తెరవొద్దు. 250 పీఎస్ఐ వెనక్కి తన్ని డబ్బా పేలుతుంది. నింపేది నీలం వైపు నుంచే, డబ్బా నిటారుగా పట్టుకుని, కింద తూకం పెట్టుకుని. బోర్లిస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. కళ్లజోడు, చేతికి గ్లౌజులు ఉండాలి. పని అయ్యాక పోర్టుల ప్లాస్టిక్ మూతలు మళ్లీ బిగించడం మరిచిపోవద్దు. లోపలి పిన్ను వాల్వు కొంచెం కారినా ఆపేది ఆ మూతే. పాత బండి బానెట్ ఎత్తితే తరచూ మొదట కనబడనిది కూడా అదే.