పని చెప్పే పేరా, సొంతంగా అల్లిన పేరా?

వ్యాపారం కోసం డొమైన్ (వెబ్‌సైట్ అడ్రసు పేరు) కొనేటప్పుడు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఊరి పేరు, సరుకు పేరు కలిపి పెట్టేస్తే ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు, ప్రచారానికి డబ్బు లేనివాళ్లకి అది నిజంగా పెద్ద ఊరట. కాకపోతే అలాంటి పేర్లు ఇంకో పదిమందికి ఉంటాయి, రేపు పచ్చళ్లతో పాటు పిండివంటలు కూడా అమ్ముదామంటే పేరే అడ్డం పడుతుంది.

అల్లిన పేరుకి ఆ ఇబ్బంది లేదు. 2006లో ఫణీంద్ర సామా, స్నేహితులు పెట్టిన బస్ టికెట్ల సైట్ రెడ్‌బస్ చూడండి: రెండు చిన్న మాటలు, బస్సు కళ్లముందు కనిపిస్తుంది, ఒకసారి వింటే టైప్ చేసేయొచ్చు. అలాగని మరీ పొట్టిగా, వింతగా పోయినా కష్టమే. అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే ఆన్‌లైన్ షాపు 2011లో ఓ.కో అని మారితే జనం అలవాటుగా ఓ.కామ్ కొట్టారు, చివరికి పాత పేరుకే రావాల్సి వచ్చింది. అమెజాన్‌కి మొదట అనుకున్న కడాబ్రా, ఫోన్‌లో విన్న లాయర్‌కి శవం అనే అర్థమొచ్చే 'కడావర్'లా వినిపించిందట!

మనకి ఇంకో చిక్కుంది. పచ్చళ్లు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమంటే సి ఒకటా రెండా, ఎల్ ఒకటా రెండా అని నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, కాబట్టి తెలుగు మాటే కావాలంటే ఒత్తులు, దీర్ఘాలు లేనిది చూసుకోండి.

ఒక్క ఊళ్లోనే పనిచేసే ప్లంబింగ్ సర్వీసుకైతే మొదటి రకమే మేలు. మిగతా వాటికి నా ఓటు రెండోదానికే, ముందు మాత్రం ఆ పేరు ఫోన్‌లో అమ్మకి చెప్పి టైప్ చేయమనండి.