డాకర్ మెయిల్‌సర్వర్‌లో టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

టీఎల్‌ఎస్ సర్టిఫికెట్, అంటే సర్వర్ నిజమైనదేనని చూపించి కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పత్రం, తెచ్చుకోవడం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, నిమిషాల్లో చేతికొస్తుంది. మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకి అసలు తంటా ఆ తర్వాతే. డిస్కు మీదికి కొత్త సర్టిఫికెట్ వచ్చినా, లోపల నడుస్తున్న ప్రోగ్రాము పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. డాకర్ మెయిల్‌సర్వర్ని, అంటే మెయిల్ సర్వర్‌కి కావాల్సిన ప్రోగ్రాములన్నీ ఒకే డాకర్ కంటైనర్లో (సర్వర్ మీద వేరుగా నడిచే పెట్టెలాంటిది) సర్ది ఇచ్చేదాన్ని, వాడేవాళ్లు డీఎంఎస్ అని పిలుచుకునేదాన్ని, నేను ఇన్నాళ్లూ వదలకపోవడానికి ముఖ్య కారణం ఈ ఒక్క చిక్కుని అది తీర్చిన పద్ధతే.

ముందు నా సరంజామా చెప్తాను. విజయవాడలో మా బాబాయి హోల్‌సేల్ వ్యాపారం, దాని ఆఫీసు మెయిళ్లు, మా ఇంట్లోవాళ్ల మెయిళ్లు, అన్నీ ఒకే చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) మీద. ర్యామ్ 2 జీబీ. మెయిల్‌కౌ అని ఇలాంటిదే ఇంకోటుంది, అదీ మంచిదే, అందులో సర్టిఫికెట్లు తెచ్చే కంటైనర్ కూడా కలిసే వస్తుంది, కానీ దానికి కనీసం 6 జీబీ ర్యామ్ కావాలంటారు. డీఎంఎస్ అయితే వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీని ఆపేసుకుంటే 2 జీబీలో హాయిగా సర్దుకుంటుంది. వెబ్ ప్యానెల్ ఉండదు, డేటాబేస్ ఉండదు. కాన్ఫిగ్ ఫైళ్లే అన్నీ.

దీనికి ముందు మెయిళ్లు పంపే, తీసుకునే పోస్ట్‌ఫిక్స్ ఒక కంటైనర్లో, వచ్చిన మెయిళ్లని ఫోన్లకి అందించే డవ్‌కాట్ ఇంకో కంటైనర్లో విడివిడిగా నడిచేవి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము వేళకి రెన్యూ చేసేది, తప్పేం కనిపించేది కాదు. ఒకరోజు పొద్దున్నే బాబాయి ఫోన్. "ఒరేయ్, ఫోన్లో మెయిల్ తెరిస్తే ఏదో నమ్మొచ్చా అని అడుగుతోంది. సరే కొట్టెయ్యనా?" "వద్దు బాబాయ్, చూసి చెప్తాను, అప్పటిదాకా దేనికీ సరే కొట్టకు" అన్నాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే కమాండ్‌తో ఒక్కో పోర్టూ తట్టి చూస్తే తమాషా బయటపడింది. పోస్ట్‌ఫిక్స్ నడిపే 25లో కొత్త తేదీ, డవ్‌కాట్ నడిపే 993లో గడువు ముగిసిన తేదీ. రెండూ చదివేది ఒకే ఫైలు! పోస్ట్‌ఫిక్స్‌లో కనెక్షన్లు తీసుకునే ప్రాసెస్‌లు ఎక్కువసేపు బతకవు. పాతవి పోయి కొత్తవి పుడుతూ, పుట్టినప్పుడల్లా సర్టిఫికెట్‌ని మళ్లీ చదువుకుంటాయి. డవ్‌కాట్ అలా కాదు. రీలోడ్ చెప్పేదాకా మొదట చదివిందే దానికి వేదం.

దీనికి అందరూ చెప్పే మందు డిప్లాయ్ హుక్. రెన్యువల్ అవగానే సర్ట్‌బాట్ మీరిచ్చిన ఆదేశాన్ని నడుపుతుంది. సర్ట్‌బాట్ నేరుగా సర్వర్ మీద ఉంటే అది బాగానే పనిచేస్తుంది. సర్ట్‌బాట్‌ని కూడా కంటైనర్లో పెడితే మాత్రం ఆ హుక్ ఆ కంటైనర్ లోపలే నడుస్తుంది, పక్కనున్న మెయిల్ కంటైనర్‌ని తాకలేదు. కంటైనర్లన్నింటినీ శాసించే డాకర్ సాకెట్‌ని దానికి అప్పగిస్తే తాకుతుంది, కానీ అలా చేస్తే సర్వర్ మొత్తాన్నీ దాని చేతిలో పెట్టినట్టే. సర్టిఫికెట్ మార్చడం కోసం అంత అధికారమా?

డీఎంఎస్ ఈ గొడవని అవతలివైపు నుంచి తీర్చింది. ఎవరూ దానికి కబురు చెప్పక్కర్లేదు. లోపల చేంజ్ డిటెక్టర్ అని ఒకటి కూర్చుని సర్టిఫికెట్ ఫైళ్ల చెక్‌సమ్ (ఫైలు మారితే తనూ మారే గుర్తు) చూస్తూ ఉంటుంది. మారిందని తెలియగానే కొత్త సర్టిఫికెట్‌ని అమర్చి పోస్ట్‌ఫిక్స్‌కీ, డవ్‌కాట్‌కీ తెలియజేస్తుంది. సర్టిఫికెట్ ఎవరు తెచ్చారు, ఎలా తెచ్చారు అన్నది దానికి అనవసరం. ఇన్నాళ్లలో ఎన్నో రెన్యువల్స్ దాటాయి, రెండు పోర్టుల్లో రెండు తేదీలు మళ్లీ కనిపించలేదు. 2024లో 14వ వెర్షన్‌తో లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 11 నుంచి 12కి మారినప్పుడు కూడా ఈ భాగాన్ని ముట్టుకోవాల్సిన పని పడలేదు.

సెటప్‌లో చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఎస్‌ఎస్‌ఎల్ టైప్ అనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే టీఎల్‌ఎస్ లేకుండానే సర్వర్ లేస్తుంది. ఇది నాకు నచ్చని సంగతి, ఖాళీ ఉంటే లేవనే కూడదు. లెట్స్‌ఎన్‌క్రిప్ట్ అని పెడితే కంటైనర్ హోస్ట్‌నేమ్ ఏదో ఆ పేరుతో ఉన్న ఫోల్డర్ని వెతుకుతుంది. కాబట్టి హోస్ట్‌నేమ్‌లో పూర్తి పేరు, అంటే మెయిల్ డాట్ తర్వాత మీ డొమైన్ కూడా, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. దొరక్కపోతే లాగ్‌లో ఆ సంగతి రాసి ఆగిపోతుంది. ఇది మంచి పనే.

ఎక్కువమంది ఇరుక్కునేది లైవ్ ఫోల్డర్ దగ్గర. సర్ట్‌బాట్ లైవ్‌లో పెట్టేవి అసలు ఫైళ్లు కావు, పక్కనే ఉన్న ఆర్కైవ్ ఫోల్డర్లోకి చూపించే సింబాలిక్ లింకులు. లైవ్ ఒక్కటే మౌంట్ చేస్తే, అంటే కంటైనర్‌కి కనిపించేలా పెడితే, లోపల ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరవబోతే ఏమీ ఉండదు. లెట్స్‌ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్ మొత్తాన్నీ, చదవడానికి మాత్రమే వీలుండేలా మౌంట్ చేయాలి.

కాడీ లాంటి వెబ్ సర్వర్ తెచ్చిన సర్టిఫికెట్‌నే మెయిల్‌కీ వాడుకునేవాళ్లు ఎస్‌ఎస్‌ఎల్ టైప్‌లో మాన్యువల్ అని పెట్టి సర్టిఫికెట్ దారి, కీ దారి ఇవ్వాలి. ఇక్కడ డాకర్ గుణం ఒకటి తెలిసుండాలి. ఒక్క ఫైలుని మౌంట్ చేస్తే డాకర్ పట్టుకునేది పేరుని కాదు, ఆ క్షణాన ఉన్న ఫైలుని. తర్వాత ఎవరైనా కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెడితే, కంటైనర్‌కి పాతదే కనిపిస్తూ ఉంటుంది. ఎంత చక్కని డిటెక్టర్ అయినా కనిపించని మార్పుని పట్టుకోలేదు కదా. ఫైలుని కాదు, ఫోల్డర్ని మౌంట్ చేయండి.

సర్టిఫికెట్ ఇచ్చేముందు డొమైన్ మీదేనని రుజువు అడుగుతారు, దానికి నా ఓటు డీఎన్‌ఎస్ పద్ధతికే. హెచ్‌టీటీపీ పద్ధతికి 80 పోర్టు తెరిచి ఉండాలి, మెయిల్ ఒక్కటే నడిపే సర్వర్‌కి ఆ పోర్టుతో వేరే పనేం లేదు. డీఎన్‌ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు రాస్తే చాలు. ఆ రికార్డు రాయడానికి సర్ట్‌బాట్‌కి ఇచ్చే ఏపీఐ టోకెన్‌కి ఆ ఒక్క డొమైన్ మీదే హక్కులివ్వండి. ప్రయోగాలన్నీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల స్టేజింగ్ (పరీక్షల) సర్వర్ మీద చేసుకోండి. అసలు సర్వర్ దగ్గర అవే పేర్లతో వారానికి 5 సర్టిఫికెట్లే ఇస్తారు, అవి అయిపోతే నోరు మూసుకుని కూర్చోవాలి.

25 పోర్టు గురించి ఒక మాట. ఫోన్లు 993లో సర్టిఫికెట్ బాగోలేకపోతే వెంటనే గోల చేస్తాయి. 25లో మెయిల్ తెచ్చే సర్వర్లు మామూలుగా గడువు ముగిసినా, పేరు కలవకపోయినా కిమ్మనకుండా ఇచ్చిపోతాయి. ఇది భద్రత అనిపించుకోదని నేను ఎంటీఏ-ఎస్‌టీఎస్ పెట్టాను, అంటే సర్టిఫికెట్ సరిగా లేకపోతే మెయిల్ ఇవ్వొద్దని పంపే సర్వర్లకి చెప్పే ఏర్పాటు. దానికి పాలసీ ఫైలు వెబ్‌లో ఉంచాలి, ఆ పేరుకి ఇంకో సర్టిఫికెట్ కావాలి. డీఎంఎస్ ఇందులో సాయం చేయదు, అంతా మీరే చూసుకోవాలి. మొదట టెస్టింగ్‌లో ఉంచి, రిపోర్టులు శుభ్రంగా వస్తున్నాయని చూశాకే ఎన్‌ఫోర్స్‌కి మార్చండి. ఎన్‌ఫోర్స్ పెట్టాక సర్టిఫికెట్ చెడితే జీమెయిల్ మీకు మెయిల్ ఇవ్వడం ఆపేస్తుంది.

పాత ఫోన్ల బాధ కూడా ఉంది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే ముందువి లెట్స్ ఎన్‌క్రిప్ట్ రూట్‌ని (మూల సర్టిఫికెట్‌ని) గుర్తించవు. గోడౌన్లో అలాంటి ఫోనొకటి ఉండేది, దాన్ని మార్పించాం. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌తోనే ఉండాలంటే దీనికి సర్వర్ వైపు చేయగలిగింది ఏం లేదు.

గడువు దగ్గర పడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇదివరకు మెయిల్ పంపేది, 2025 జూన్‌లో మానేసింది. అందుకని 25, 465, 587, 993 మెయిల్ పోర్టులు నాలుగింటినీ రోజూ బయటి మెషీన్ నుంచి తట్టి తేదీ చూసే చిన్న స్క్రిప్ట్ నడుపుతున్నాను. డిస్కు మీది ఫైలు తేదీ చూడటం దండగ, పోర్టు తట్టినప్పుడు సర్వర్ చూపించే తేదీయే చూడాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఆయుష్షు ఇప్పుడు మామూలుగా 90 రోజులు. 2029 మార్చి నుంచి ఏ సంస్థ ఇచ్చినా 47 రోజులు దాటకూడదని సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ, బ్రౌజర్ల వాళ్లూ కలిసి నడిపే సీఏ-బ్రౌజర్ ఫోరమ్ ఇప్పటికే తేల్చేసింది. అంటే చేత్తో మార్చుకునేవాళ్లకి కష్టకాలమే.

డీఎంఎస్ మీద ఫిర్యాదులు రెండు. డాక్యుమెంటేషన్‌లో సర్టిఫికెట్ల పేజీ కొండవీటి చాంతాడంత ఉంటుంది, నాలాంటి మామూలు సెటప్‌కి కావాల్సిన ముక్క మొదట్లోనే ఉంటే బాగుండేది. రెండోది ముందే చెప్పాను, ఖాళీ సెట్టింగ్. ఇవి పక్కన పెడితే, కమాండ్ లైన్ అంటే జంకనివాళ్లకి నిస్సంకోచంగా చెప్తాను, తీసుకోండి. బొత్తాలు నొక్కి పని కావాలనుకునేవాళ్లు, ర్యామ్ ఉన్నవాళ్లు మెయిల్‌కౌకి వెళ్లడమే మేలు.

డేన్, అంటే సర్వర్ కీ ఏదో డీఎన్‌ఎస్‌లోనే టీఎల్‌ఎస్‌ఏ అనే రికార్డుగా ప్రకటించే పద్ధతి, మాత్రం ఇంకా పెట్టలేదు. దానికి డీఎన్‌ఎస్ రికార్డుల మీద సంతకం పెట్టే డీఎన్‌ఎస్‌సెక్ కావాలి, నా రిజిస్ట్రార్ ఆ సౌకర్యం ఇవ్వడం లేదు. పైగా సర్ట్‌బాట్ ప్రతి రెన్యువల్‌కీ కొత్త కీ తయారు చేస్తుంది కాబట్టి, పాత కీనే వాడమని ముందే చెప్పకపోతే టీఎల్‌ఎస్‌ఏ రికార్డు ఆ రోజే చెల్లకుండా పోతుంది. డొమైన్‌ని వేరేచోటికి మార్చాక దాని సంగతి చూస్తాను.