ఆస్టిలో పండగ అద్భుతం, బస దారుణం

ఇటలీలో ఆస్టి వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. ఫెస్టివల్ దెల్లే సాగ్రె అనే పల్లెల తిండి పండగ జరిగే సెప్టెంబర్ రెండో వారాంతం చూసుకుని వెళ్లండి, గది మాత్రం టురిన్‌లో తీసుకోండి. టురిన్ నుంచి రైల్లో గంట కూడా పట్టదు, టికెట్టు ఆరు యూరోలకు అటూ ఇటూ ఉంటుంది. స్టేషన్ బయటికొచ్చి కాస్త నడిస్తే పండగ జరిగే మైదానమే. పండగ రోజుల్లో ఆస్టిలో మంచి గదులన్నీ ఎప్పుడో నిండిపోతాయి. మిగిలేవి మాకు దొరికినలాంటివి.

మేం ఉండేది మ్యూనిక్‌లో. తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. మామయ్యకు వ్యవసాయమంటే ప్రాణం, అందుకని పల్లెటూళ్ల పండగ చూపిద్దామని బయల్దేరాం. నలుగురికి సరిపోయే ఫ్లాట్ రాత్రికి 180 యూరోలు. ఊరి నడిబొడ్డుకు ఐదు నిమిషాలు అని ప్రకటనలో రాశారు. కిటికీలోంచి పాత బురుజు కనిపిస్తున్న ఫొటో కూడా పెట్టారు. స్టేషన్లో దిగి ఫోన్ చేస్తే ఓనరు మ్యాప్ పంపించాడు. చూస్తే ఆ ఇల్లు ఊరు దాటి ఐదు కిలోమీటర్ల అవతల, ద్రాక్షతోటల మధ్య గుట్ట మీద ఉంది. టాక్సీకి 24 యూరోలు అయింది. ఫొటోలో ఉన్న కిటికీ ఆ ఇంట్లో ఎక్కడా లేదు.

లిఫ్ట్ ఉందని రాసుకున్న ఆ ఇంట్లో రెండో అంతస్తుకు నిటారుగా ఉన్న రాతి మెట్లే దిక్కు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మెట్లు చూడగానే ఆవిడ ముఖం వాడిపోయింది. సామాన్లు పైకి చేర్చేలోపే ఓనరు దుప్పట్లకు, శుభ్రం చేసినందుకు అంటూ 70 యూరోలు నగదు అడిగాడు. బుకింగ్‌లో ఆ మాటే లేదు. పైగా టూరిస్టు పన్నంటూ మనిషికి రాత్రికి ఐదు యూరోలు చొప్పున లెక్క కట్టాడు. రసీదు ఇమ్మని మా ఆయన అడిగేసరికి ఆ పన్ను సగానికి దిగింది. రసీదు అడిగితే తగ్గే పన్ను ఎక్కడైనా ఉంటుందా? మా ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, మాటలు ఆగిపోతాయి. అలా నిలబడిపోయారు. "గొడవొద్దురా, ఊరుకాని ఊరు, ఇచ్చేయ్" అన్నారు మామయ్య. ఇచ్చేశాం. రాత్రి ఇద్దరు స్నానం చేసేసరికి వేడినీళ్లు అయిపోయాయి. వంటిల్లు మాత్రం బాగుంది, అన్నం వండుకోగలిగాం.

ఇక ఊరి సంగతి. మధ్యయుగంలో ఆస్టి వ్యాపారులు యూరప్ అంతటా వడ్డీ వ్యాపారం చేసి బాగా సంపాదించారు. ఆ డబ్బుతోనే పెద్ద కుటుంబాలు పోటీలు పడి ఎర్ర ఇటుకల బురుజులు కట్టించాయి. వాటిలో తోర్రె త్రోయానా ఎత్తు 44 మీటర్లు, లోపల 199 మెట్లు. మేమిద్దరం ఎక్కాం, పెద్దవాళ్లు కింద నీడలో కూర్చున్నారు. పైనుంచి ఊరి కప్పులు, వాటి వెనక కొండలు కనిపిస్తాయి, తప్పకుండా ఎక్కండి. సాన్ సెకోందో చర్చి, కథెడ్రల్ రెండూ చూశాం.

తిండి విషయంలో శాకాహారులు బాగా జాగ్రత్తపడాలి. ఇక్కడ ఆంచోవీ అనే ఉప్పుచేప దేంట్లో ఉంటుందో ముందే కనిపెట్టడం కష్టం. సముద్రం దగ్గర్లో లేకపోయినా, పూర్వం లిగూరియా తీరం నుంచి ఉప్పుతో పాటు ఈ చేపా కొండదారుల్లో వచ్చేది. ఈ ప్రాంతపు పేరున్న వంటకం బాఞా కౌదా అంటే ఆంచోవీ, వెల్లుల్లి, నూనె కలిపి కాచిన వేడి ద్రవం, అందులో కూరగాయ ముక్కలు ముంచుకు తింటారు. పాత ఊళ్లో ఒక రెస్టారెంట్లో మాంసం, చేప వద్దని రెండుసార్లు చెప్పాం. సరేనని, 11 యూరోల కాల్చిన క్యాప్సికం ముక్కల మీద ఆంచోవీ పరిచి తెచ్చారు. అడిగితే, "అది చేప కింద లెక్క కాదు, రుచి కోసం వేస్తాం" అని వెయిటర్ మాకే చిరాకుగా చెప్పాడు. అత్తయ్య ఆ పూట రొట్టెముక్క తిని లేచారు. కూర్చున్నందుకు మనిషికి మూడు యూరోలు మాత్రం బిల్లులో పడ్డాయి. అందుకే "సెంత్సా కార్నే, సెంత్సా పెష్షే, సెంత్సా అచ్చూగె" అని మూడూ చెప్పండి. మాంసం, చేప అని ఆపేస్తే సరిపోదు, ఆంచోవీ పేరు విడిగా ఎత్తాల్సిందే. ఆఞ్ఞొలోత్తి అనే, చిన్న కజ్జికాయల్లాంటి పాస్తాలో ఉండేది మాంసమే, అవి శాకాహారులకు పనికిరావు.

ఆ కసి అంతా శనివారం సాయంత్రం కాంపో దెల్ పాలియో మైదానంలో తీరింది. ఫెస్టివల్ దెల్లే సాగ్రె 1974లో మొదలైంది. చుట్టుపక్కల పల్లెల్లోని ప్రో లోకో అనే ఊరి సంఘాలవాళ్లు చెక్కతో పాత ఇళ్లలాంటి కొట్లు కట్టి, ఎవరి ఊరి వంట వాళ్లు వండి పెడతారు. ప్రతి కొట్టు దగ్గరా డబ్బు కట్టి చీటీ తీసుకుని వరసలో నిలబడాలి, నగదు ఉంచుకోండి. పొలెంతా అనే మొక్కజొన్న సంకటి ఐదు యూరోలు, గ్లాసు బార్బేరా వైన్ ఒకటిన్నర. బల్లల మీద ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు.

అక్కడ బెలెకౌదా అనే వంట కనిపించింది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, బండి చక్రమంత పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. ముక్క మూడు యూరోలు. అత్తయ్య వాసన చూసి, "అమ్మాయ్, ఇది శనగపిండేనా?" అన్నారు. కొట్లో ఉన్న పెద్దావిడకు విషయం అర్థమై, పిండి డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. అత్తయ్య చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని తలాడించారు. ఆవిడ సంతోషపడి, అంచున బాగా కాలిన ముక్క కోసి, మిరియాల పొడి చల్లి చేతికిచ్చింది. అత్తయ్య రెండో ముక్కకు మళ్లీ వరసలో నిలబడ్డారు, మోకాళ్ల నొప్పి ఊసే లేదు. ఆ ప్రయాణంలో ఆవిడ తృప్తిగా తిన్న బయటి తిండి అదొక్కటే. పెద్ద రెస్టారెంట్ చూపించని మర్యాద ఆ పల్లెటూరి మనిషి చూపించింది.

ఆదివారం పొద్దున ఊరేగింపు. వందేళ్ల నాటి రైతుల బట్టల్లో వేలమంది, పాత ట్రాక్టర్లు, ఎద్దుబండ్లు, ద్రాక్ష తొక్కడం, నూర్పిళ్లు, పెళ్లివారు, చాకిరేవు, పలకలు పట్టుకున్న బడిపిల్లలు. మామయ్య మా పక్కన నిలబడలేదు, ఈ పీడ్‌మాంట్ ప్రాంతపు తెల్లటి ఎద్దుల వెంటే నడిచారు. బండి ఆగినచోట యజమానిని సైగతో అడిగి, ఎద్దు మూతి పట్టి పళ్లు చూసి, నాలుగు వేళ్లు చూపించారు. ఆయన ఆశ్చర్యపోయి, అవును నాలుగేళ్లు అన్నట్టు తనూ నాలుగు వేళ్లు చూపించి, మామయ్య భుజం మీద గట్టిగా చరిచాడు. మళ్లీ బండి కదిలే దాకా ఇద్దరూ ఆ ఎద్దు కాడిమెడ తడుముతూనే ఉన్నారు. ఇటలీలో ఏం చూశారని తెనాలి నుంచి ఎవరు ఫోన్ చేసినా మామయ్య ముందు చెప్పేది ఇదే.

ఊరికి ఇంకా పెద్ద పేరు తెచ్చిన పాలియో గుర్రప్పందెం అంతకు వారం ముందే, సెప్టెంబర్ మొదటి ఆదివారం, పియాజ్జా అల్ఫియేరిలో అయిపోయింది. 21 జట్లు, జీను లేని గుర్రాలు. గెలిచినవాళ్లకు జెండా, ఆఖరున వచ్చినవాళ్లకు ఆంచోవీ చేప ఇస్తారట. రెండూ చూడాలంటే వారం పైన ఉండాలి. నన్నడిగితే పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు తిండి పండగే మేలు, పందెం రోజు గంటలకొద్దీ ఎండలో ఉండాలి.

కనెల్లికి బస్సులో వెళ్లి భూగర్భ వైన్ గిడ్డంగులు చూశాం, రుచులతో కలిపి మనిషికి 25 యూరోలు, ఆ డబ్బుకు న్యాయం జరిగింది. కార్లో గాంచా ఇటలీ తొలి స్పార్క్లింగ్ (బుడగలొచ్చే) వైన్ తయారుచేసింది ఈ ఊళ్లోనే, 1865లో. ఈ గిడ్డంగులు, చుట్టూ ఉన్న ద్రాక్షకొండలు 2014 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. వైన్ అలవాటు లేనివాళ్లకు మోస్కాతో దాస్తి అనే వైన్ నచ్చుతుంది, తియ్యగా ఉంటుంది, ఆల్కహాల్ ఐదు శాతం చిల్లరే.

ఆదివారం రాత్రి మళ్లీ అదే బాధ. గుట్ట మీదికి బస్సు లేదు, టాక్సీ కోసం స్టేషన్ దగ్గర గంటన్నర నిలబడ్డాం. అప్పుడు 35 యూరోలు అడిగాడు. మొత్తం టాక్సీలకే 155 యూరోలు పోయాయి. ఆ డబ్బుతో టురిన్ నుంచి నలుగురం మూడుసార్లు వచ్చి వెళ్లొచ్చు.

ఆస్టిలోనే ఉండక తప్పదంటే, బుక్ చేసేముందు వీధి పేరుతో సహా చిరునామా మెసేజ్‌లో రాయించుకోండి. 2025 నుంచి ఇటలీలో ఇలా అద్దెకిచ్చే ఇళ్లన్నిటికీ సీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి, ప్రకటనలోనూ ఇంటి బయటా కనిపించాలి. మాకు ఇచ్చిన ఇంటి గుమ్మం మీద అది లేదు. ఫొటోలు తీసి ఫిర్యాదు పెట్టాం. శుభ్రం పేరుతో తీసుకున్న 70 యూరోలు వెనక్కి వచ్చాయి. దూరం గురించి, లేని లిఫ్ట్ గురించి ఇంకా జవాబు రాలేదు, మా ఆయన నిన్న మళ్లీ రాశారు.