రాడాన్ పైపు కనపడిందని టెస్ట్ మానేయకండి

నిన్ననే తెలిసింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. అమెరికాలో బేస్‌మెంట్ ఉన్న ఇల్లు కొనబోయేవాళ్ల కోసం రాస్తున్నాను.

మార్చిలో కొన్నాం. పోటీ ఆఫర్లు, లోన్ గడువు, ఆ హడావిడంతా మీకు తెలిసిందే. రాడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే ప్రమాదకరమైన వాయువు) టెస్ట్ చేయిద్దామని నేను అడిగాను కూడా. "సిస్టమ్ పెట్టే ఉంది కదండీ, మళ్లీ టెస్ట్ అంటే మన ఆఫర్ పక్కన పెట్టేస్తారు" అన్నాడు ఏజెంట్. సిస్టమ్ అంటే ఆ వాయువుని ఇంటి కింద నుంచి లాగి బయటికి వదిలే పైపు, ఫ్యాన్. ఇల్లు చూపించిన రోజు ఓనరే మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి, ఆ తెల్ల పైపు మీద చెయ్యి వేసి, "దీని గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు" అన్నాడు. నమ్మాను.

ఎనిమిది నెలలు మా అమ్మాయి ఆ బేస్‌మెంట్ గదిలోనే పడుకుంది.

పోయిన వారం స్నేహితురాలు తన మానిటర్ ఇచ్చింది. కిటికీలు మూసి రెండు రోజులు పెడితే సగటున లీటరు గాలికి 12.6 పీకోక్యూరీలు (రాడాన్‌ని కొలిచే లెక్క) వచ్చింది. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే బాగు చేయించుకోమని ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) చెబుతుంది. నిన్న టెక్నీషియన్ వచ్చాడు. పైపుకి అతికించి ఉన్న యూ ఆకారం గొట్టం వైపు ఒక్కసారి చూసి ఆగిపోయాడు. అందులో రంగు ద్రవం రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంది. ఫ్యాన్ లాగుతుంటే ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి ఉండాలట. అటక ఎక్కి చూశాడు. ఫ్యాన్ ప్లగ్ పీకేసి ఉంది. వైరు చక్కగా చుట్టి, తాడుతో కట్టి ఉంది. అది దానంతటది ఊడలేదు, ఎవరో కూర్చుని కట్టారు. ప్లగ్ పెడితే ఒక్క క్షణం కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ చప్పుడు భరించలేకే పీకేసి ఉంటారు.

ఏజెంట్ ద్వారా ఓనర్‌ని అడిగించాను. వచ్చిన జవాబు ఇది: "డిస్‌క్లోజర్‌లో (ఇంటి గురించి అమ్మేవాళ్లు రాసిచ్చే కాగితంలో) సిస్టమ్ ఉందని రాశాం. నడుస్తోందని ఎక్కడా రాయలేదు." ఒక్క క్షమాపణ లేదు. మాకు పిల్లలున్నారని, కింది గది ఎవరికో కూడా ఆ రోజు అడిగి తెలుసుకున్న మనిషి!

రాడాన్ నేలలోని యురేనియం నుంచి పుట్టే వాయువు. రంగు లేదు, వాసన లేదు. పొగ తాగనివాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడానికి మొదటి కారణం ఇదేనని ఈపీఏ అంటోంది. పిల్ల దగ్గినా, నీరసపడినా కనిపెట్టేదాన్ని. దీనికి అలాంటి గుర్తేమీ ఉండదు. బట్టలు ఉతికిన ప్రతిసారీ ఆ గొట్టం పక్కనే నిలబడ్డాను. ఏంటది అని ఒక్కసారైనా ఎవరినీ అడగలేదు. రాత్రంతా అదే బాధ. పిల్ల పరుపు పైకి, మా గదిలోకి తెచ్చేశాం.

కొనేవాళ్లకి చెప్పేది కొంచెమే. సిస్టమ్ ఉన్నా సరే టెస్ట్ మీరే చేయించుకోండి, మనుషులు ఉండగలిగే అన్నిటికన్నా కింది అంతస్తులో, కనీసం 48 గంటలు. అంతకు 12 గంటల ముందు నుంచే కిటికీలు మూసి ఉండాలి. గంటగంటకీ రీడింగ్ రాసే మానిటర్ అయితే మంచిది, మధ్యలో ఎవరైనా కిటికీ తీస్తే చాలాసార్లు అందులో తెలిసిపోతుంది. గొట్టంలో ద్రవం ఎత్తు చూడండి, ఫ్యాన్ ఎక్కడుందో వెతికి దాని చప్పుడు వినండి. కొత్త ఫ్యాన్ వేయించుకుంటే 24 గంటలు ఆగి మళ్లీ కొలిపించండి, అదీ బిగించినవాళ్లతో కాకుండా వేరేవాళ్లతో. మాకు గురువారం బిగిస్తామన్నారు.