ట్రైన్ అంబులెన్స్: ఆక్సిజన్ లెక్క చెప్పగలిగితేనే బుక్ చేయండి

పేరు విని రైల్వే నడిపే ప్రత్యేక బోగీ అనుకుంటారు చాలామంది. కాదు. ప్రైవేటు సంస్థలు మామూలు రైల్లో ఫస్ట్ ఏసీ టికెట్లు తీసి, మానిటర్, కఫం లాగే సక్షన్, మందును కొలతగా ఎక్కించే సిరింజ్ పంప్, వెంటిలేటర్ అమర్చి, డాక్టర్నో నర్సునో తోడు పంపుతాయి. 1991లో మొదలైన లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ వేరు. అది ఊళ్ల దగ్గర ఆగి ఆపరేషన్లు చేసే ఆసుపత్రి రైలు.

సేవ మంచిదా కాదా తేల్చేది ఆక్సిజన్. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు 26 గంటలు. నిమిషానికి 5 లీటర్లు కావలసిన రోగికి గంటకు 300, మొత్తం 7,800 లీటర్లు. బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లుంటుంది, కాబట్టి ఆరు కావాలి. రైలు లేటు, లీకేజీల కోసం 7,800కి ఇంకో సగం కలిపితే 11,700 లీటర్లు, అంటే ఎనిమిది సిలిండర్లు. వెంటిలేటర్ మీద నిమిషానికి 10 లీటర్లు నడిస్తే అదే లెక్కన పదహారు! అన్ని సిలిండర్లు పెట్టాక క్యాబిన్‌లో మనుషులు నిలబడే చోటుండదు. అలాంటి రోగిని కూడా తీసుకెళ్తామని ఫోన్‌లోనే ఒప్పేసుకునే సంస్థను నమ్మకండి.

"గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం, కాన్సంట్రేటర్ ఉంది కదా" అంటారు. మన దగ్గర ఎక్కువగా దొరికేవి 230 వోల్టులవి. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీలో బెర్తు పక్క ప్లగ్ 110 వోల్టులది, అదీ ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టింది. ఏ పరికరం బ్యాటరీ మీద ఎన్ని గంటలు నడుస్తుందో, స్పేర్ బ్యాటరీలెన్నో రాయించుకోండి.

సిలిండర్లకు డాక్టర్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అది లేకపోతే రైల్లోకి గ్యాస్ సిలిండర్ ఎక్కించడమే నిషేధం. రెండు బెర్తుల కూపే దొరుకుతుందో, నాలుగు బెర్తుల క్యాబిన్ వస్తుందో చార్ట్ పడేదాకా తెలియదు. నాలుగు టికెట్లూ వాళ్లే తీస్తున్నారా, లేక మూడో నాలుగో బెర్తుకు కొత్తవాళ్లు రావచ్చా అని ముందే అడగండి.

ఎక్కించేది సికింద్రాబాద్‌లో కాదు, రైలు బయలుదేరే నాంపల్లిలోనే. అక్కడ సామాను సర్దుకునే టైమ్ ఉంటుంది. బోగీ తలుపు నుంచి నడవాలోకి పొడవాటి స్ట్రెచర్ తిరగదు. పట్టీలున్న మెత్తటి క్యారీ షీట్, నలుగురు మనుషులు కావాలి. ఈ మలుపులో శ్వాసగొట్టం జారే ప్రమాదం ఉంది. ఎత్తే ముందు, పడుకోబెట్టాక గొట్టం మీది సెంటీమీటర్ గుర్తు చూసి, ఛాతీకి రెండు వైపులా శ్వాస వినాలి. చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే అంబు బ్యాగ్ రోగి తల దగ్గరే ఉండాలి, సూట్‌కేసులో కాదు.

నిలకడగా ఉన్నవాళ్లకు, ట్రేకియాస్టమీతో (మెడ దగ్గర చేసిన రంధ్రంలో శ్వాసగొట్టంతో) ఇంటికి వెళ్లేవాళ్లకు ఈ సేవ బాగుంటుంది. ఛాతీలో గాలి చేరినవాళ్లకు విమానంలో పైకెళ్లేకొద్దీ ఆ గాలి వ్యాకోచిస్తుంది, రైల్లో ఆ బెడద లేదు. గుండెపోటు, స్ట్రోక్ వచ్చిన గంటల్లో, బీపీ పడిపోకుండా ఇచ్చే మందు డోసు పెంచుతూ పోవాల్సి వస్తున్నప్పుడు మాత్రం వద్దు. దారిలో పరిస్థితి తిరగబడితే నాగ్‌పూర్‌లోనో, భోపాల్‌లోనో ఏ ఆసుపత్రిలో దింపుతారో ముందే చెప్పించుకోండి. 139కి ఫోన్ చేస్తే వచ్చే స్టేషన్‌లో డాక్టర్‌ను అడగొచ్చు గానీ, ఐసీయూ బెడ్ దానితో రాదు. రెండు చివర్లా రోడ్డు అంబులెన్స్ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.